గుంజ నిలిచే దాకా: 20 మెగావాట్ల సోలార్ ప్లాంటు డైరీ

డిసెంబరు 5

సైటు చేతికొచ్చింది. మహారాష్ట్ర, నాందేడ్ జిల్లా, ధర్మాబాద్ తాలూకా. ఊరి పేరు రాయను, ఊళ్లోవాళ్ల మాటలు కూడా ఇందులోకి వస్తాయి కాబట్టి. ప్లాంటు ప్రభుత్వ సంస్థది, కట్టేది కాంట్రాక్టరు. సంస్థ తరఫున సైటు ఇంజినీరుని నేను. గ్రిడ్‌కి ఇచ్చేది 20 మెగావాట్లు, ప్యానెళ్ల వైపు కెపాసిటీ 28. భూమి 36 హెక్టార్ల 40 ఆర్, మన లెక్కలో 90 ఎకరాలు.

భూమి రెండు గట్ నంబర్లు, అంటే సర్వే నంబర్లు. పెద్దది గాయరాన్, అంటే ఊరి పశువుల మేత భూమి. చిన్నది రైతుల దగ్గర లీజుకు తీసుకున్నది. భూమి అభిలేఖ్ (భూరికార్డుల) ఆఫీసు నుంచి మోజణీకి, అంటే కొలతకి, వచ్చిన సర్వేయరు పొద్దున్నుంచి గెట్టు రాళ్ల కోసం వెతికితే పదిహేడింట్లో తొమ్మిదే దొరికాయి. మిగతావి ఎవరి ఇంటి ముందు బట్టలు ఉతికే బండలయ్యాయో ఊరందరికీ తెలుసు. అడిగితే మాత్రం అందరూ ఆకాశంలోకి చూస్తారు.

గాయరాన్ మధ్యలోంచి ఎడ్లబండి బాట పోతోంది. డ్రాయింగులో అది లేదు. కంచె వేస్తే అవతలి చేలకు మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి పోవాలి. సర్పంచ్, తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి), పదిహేను మంది రైతులు, నేను. గంటన్నర మాట్లాడాక ఉత్తరం వైపు కంచెని నాలుగు మీటర్లు లోపలికి జరిపి బాట వదిలేద్దామని ఒప్పుకున్నాం. మీటింగు మరాఠీలో మొదలైంది. కోపం వచ్చినప్పుడు తెలుగులోకి దిగింది, ఒప్పందం కూడా తెలుగులోనే కుదిరింది. నేను బిలోలి వాణ్ణి. బడి మరాఠీ, ఇల్లు తెలుగు. పదకొండేళ్ల ఉద్యోగంలో ఇంటి భాష ఆఫీసు పనికి అక్కరకొచ్చింది ఇవాళే.

డిసెంబరు 18

మట్టి పరీక్షలకు బోర్లు వేస్తున్నారు. 90 ఎకరాలకు ఆరు బోర్లు. తక్కువనిపించింది, కానీ కాంట్రాక్టులో అంతే రాసి ఉంది. నైరుతి మూలన సర్కారు తుమ్మ అడవిలా పెరిగి రిగ్గు లోపలికి పోలేదు. డ్రైవరు బాట పక్కన ఆపి అక్కడే బోరు దించేశాడు. నేను చూస్తూనే ఉన్నాను, ఏమీ అనలేదు. ఈ సంగతి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నా.

పక్క చేనులో మిరప కోయిస్తున్న తాత ఒకాయన గట్టు మీద కూర్చుని మా రిగ్గుని చూస్తూ ఉన్నాడు. ధర్మాబాద్ మిరపకు పెద్ద మార్కెట్టు, చుట్టుపక్కల చేలన్నీ ఎర్రగా ఉన్నాయి. మా కుర్రాళ్లు రోజంతా తుమ్ముతూనే పని చేశారు.

"ఏం పెడ్తరు బిడ్డా ఈడ?"

సోలార్ ప్లేట్లు పెడతామని, వాటి కింద ఇనుప స్తంభాలు వస్తాయని చెప్పాను. ఆయన తుమ్మల వైపు గడ్డం ఎత్తి, "ఆ మూలకు గుంజ నిలవది. అది మా తాతలనాటి కుంట. పూడింది గని, వానకాలం ఎడ్లు దిగబడ్తయి" అన్నాడు.

సరే తాతా, చూస్తాం అన్నాను. చూడలేదు. డ్రాయింగు ప్రకారం ఆ మూలలో 93 టేబుళ్లు రావాలి.

జనవరి 9

స్తంభాల పరీక్ష. టేబుల్ అంటే 28 ప్యానెళ్లు, రెండు వరుసల్లో పద్నాలుగేసి. ఒక టేబుల్ అంటే ఒక స్ట్రింగ్ కూడా, వైర్లతో వరసగా కలిపిన ప్యానెళ్ల గొలుసు. దాన్ని మోసేవి 5 స్తంభాలు. నేలలో 300 మిల్లీమీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు గుంత తవ్వి, జింకు పూత స్తంభం దింపి కాంక్రీటు పోస్తారు. సోలార్‌లో స్తంభానికి బరువు మోయడం అంత కష్టం కాదు. ఒక్కో ప్యానెల్ 28 కిలోలే. కష్టమంతా గాలితో. 18 డిగ్రీల వాలులో పెట్టిన 72 చదరపు మీటర్ల టేబుల్ కిందికి గాలి దూరితే అది గొడుగే. స్తంభాన్ని పీకి పైకి లేపాలని చూస్తుంది. అందుకే స్తంభాన్ని గట్టిగా పైకి లాగి, ఎంత కదిలిందో కొలుస్తారు.

మా డిజైన్ లోడు 12 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 1.2 టన్నులు. పరీక్షలో దానికి ఒకటిన్నర రెట్లు, 18 కిలోన్యూటన్లు లాగాలి. మూడు కాళ్ల స్టాండు, దానికి చెయిన్ బ్లాకు, మధ్యలో ఎంత బలంతో లాగుతున్నామో చూపే లోడ్ సెల్, స్తంభానికి ఆనించి కదలిక చూపే ముల్లున్న డయల్ గేజి. ఎనిమిది చోట్ల చేశాం. ఈసారి తుమ్మలు కొట్టించాను కాబట్టి కుంట మూల కూడా కలిసింది. 18 దగ్గర సగటున 2 మిల్లీమీటర్లు కదిలింది. కుంట మూలలో 1.6, అన్నిటికంటే మేలు. కాంట్రాక్టరు మనిషి నవ్వుతూ రిపోర్టు మీద సంతకానికి పెన్ను ఇచ్చాడు.

పెన్ను పట్టుకున్నాక ఎందుకో తాత గట్టు వైపు చూశాను. ఆయన అక్కడే ఉన్నాడు. "జనవరిల రేగడి రాయి లెక్కుంటది. నీళ్లు పొయ్యి" అన్నాడు.

జనవరి 14

పోశాం. కుంట మూలలో స్తంభం చుట్టూ మట్టికట్ట వేయించి, ట్యాంకరుతో మూడు రోజులు నీళ్లు నిలబెట్టాం. కాంట్రాక్టరు ఒప్పుకోలేదు. తడి పరీక్ష స్కోపులో లేదన్నాడు. నిజమే, లేదు. ట్యాంకరు డబ్బులు మా ఇంప్రెస్టు, అంటే సైటు చిల్లర ఖర్చుల సొమ్ము, నుంచి ఇచ్చాను.

ఈ మూడు రోజుల్లో ఆఫీసు కంటైనరులో ఇంకో చిన్న పరీక్ష పెట్టుకున్నాను. పాలిటెక్నిక్‌లో ఒకసారి చేసి మర్చిపోయినదే. కుంట మట్టిని ఎండబెట్టి, నలిపి, సన్న జల్లెడ పట్టి పది పది గ్రాములు రెండు గాజు జాడీల్లో వేయాలి. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్. కిరోసిన్‌తో మట్టి ఉబ్బదు. ఒక రోజు ఆగి రెండింట్లో మట్టి ఏ గీత దాకా పేరుకుందో చూడాలి. తేడా ఎంతో మట్టి పొగరు అంత. చెప్పినంత తేలిక కాదు, ఈ రోజుల్లో కిరోసిన్ దొరకడమే గగనం. మూడు ఊళ్లు తిరిగితే ఒక ఆటో మెకానిక్ దగ్గర చిన్న సీసాడు దొరికింది. ఏం చేసుకుంటావన్నా అని అడిగాడు. మట్టిలో పోస్తానంటే ఎగాదిగా చూశాడు.

మరుసటి రోజు పొద్దున జాడీలు చూశాను. కిరోసిన్‌లో మట్టి 11 మిల్లీలీటర్ల గీత దగ్గర బుద్ధిగా కూర్చుంది. నీళ్లలోది 19 దాకా లేచి, పైన జిగురు పెరుగులా మెత్తగా ఉంది. 11 మీద 8 పెరిగిందంటే 73 శాతం. 50 దాటితేనే జాగ్రత్తపడాలంటారు.

సాయంత్రం తడి స్తంభాన్ని లాగాం. 10 కిలోన్యూటన్ల దాకా ముల్లు మెల్లగా నడిచింది, 6 మిల్లీమీటర్లు. 14 దగ్గర చెయిన్ లాగడం ఆపినా ముల్లు ఆగలేదు. ఎవరూ మాట్లాడలేదు. ముల్లు తిరుగుతూనే ఉంది, లోడ్ సెల్ అంకె తగ్గుతూనే ఉంది. స్తంభం బురదలోంచి ముల్లంగిలా వచ్చేస్తోంది.

జనవరి 16

రాత్రి నిద్ర పట్టక లీజు కాగితాలు తీశాను. చిన్న గట్ సాత్‌బారా ఉతారాలో, అంటే భూమి రికార్డులో, 2 హెక్టార్ల 2 ఆర్ పక్కన 'పోట్‌ఖరాబ్ బ' అని ఉంది. సాగుకు పనికిరానిది, అందులోనూ 'బ' అంటే దారి, వాగు, చెరువు లాంటి వాటికి వదిలిన నేల. ఐదు ఎకరాల కుంట కాగితం మీదే ఉంది. ఈ ఉతారా నా టేబుల్ సొరుగులో నవంబరు నుంచి ఉంది. విస్తీర్ణం గడి చూసి కూడుకున్నాం తప్ప ఆ పక్క గడి ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు.

జనవరి 28

హెడ్డాఫీసుతో మీటింగు. గంటన్నర టెన్షన్.

కొత్తగా పదకొండు బోర్లు వేయించాం. కుంట 5 ఎకరాలు, దాని చుట్టూ ఇంకో 22 ఎకరాల్లో రేగడి లోతు మూడు మీటర్ల పైనే. మిగతా చోట్ల మీటరులోపే మొరం తగులుతోంది, అక్కడ పాత డిజైన్‌కి ఢోకా లేదు. నా ప్రతిపాదన: కుంటని పూర్తిగా వదిలేద్దాం, సైటు వాననీళ్లకు అదే గుంత అవుతుంది. 22 ఎకరాల్లో స్తంభం లోతు రెండున్నర మీటర్లు, అడుగున గుంతని గంటలా వెడల్పు చేసి కాంక్రీటు పోద్దాం. నల్లరేగడి నేలల కోసం రూర్కీలోని సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్లు ఎప్పుడో తీర్చిదిద్దిన పద్ధతే ఇది. అడుగున ఉబ్బెత్తు ఉంటే పైమట్టి ఉబ్బి లాగినా స్తంభం లేవదు. ఇంకో జాగ్రత్తగా పై మీటరు దాకా కాంక్రీటు చుట్టూ మందపాటి పాలిథిన్ తొడుగు. మట్టి లేస్తే తొడుగు మీద జారిపోవాలి గానీ స్తంభాన్ని పట్టుకుని లేవకూడదు.

ఖర్చు గురించి పెద్దగా గొడవ కాలేదు. గొడవంతా కెపాసిటీ గురించే. కుంటలో 93 టేబుళ్లు పోతే ప్యానెళ్ల వైపు 28 నుంచి 26.6 మెగావాట్లకు దిగుతాం. పత్రికా ప్రకటనలో 28 అని వచ్చేసిందట.

దీనికి నేను చెప్పిన లెక్క ఇది. గ్రిడ్‌కి ఎంత ఎండ కాసినా 20 మించి ఇవ్వం, ప్యానెళ్ల డీసీ కరెంటుని ఏసీగా మార్చే ఇన్వర్టర్లు అక్కడ కోసేస్తాయి. చలికాలం మధ్యాహ్నం ఎలాగూ కోతే. ఎండాకాలంలో ప్యానెల్ సెల్ 65 డిగ్రీలకు పోతుంది. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున పవరు పడిపోతుంది కాబట్టి 14 శాతం అక్కడే పోయింది, దుమ్ముకి ఇంకో మూడు. అప్పుడు కూడా 26.6 నుంచి 22 దాకా వస్తుంది. వైర్లలో, ఇన్వర్టర్లలో కొంత పోయినా 20కి చేరతాం. ఆ 1.4 మెగావాట్లు మనకు పనికొచ్చేది పొద్దునా సాయంత్రం, మబ్బు రోజుల్లోనే. బురదలో స్తంభాలు పాతి 25 ఏళ్లు వాటికి కాపలా కాయడం కంటే ఆ యూనిట్లు వదులుకోవడం చవక.

ఒప్పుకున్నారు. ఎండ ఎక్కువైతే కరెంటు తగ్గుతుందా అని ఒకాయన మూడుసార్లు అడిగారు. వేడి వేరు, వెలుగు వేరు సార్ అన్నాను. ఫైనాన్సు ఆయన, పాపం.

ఫిబ్రవరి, మార్చి

రాయడానికి పెద్దగా లేదు. 1,759 టేబుళ్లు, 8,795 స్తంభాలు. గుంతలు, కాంక్రీటు, క్యూరింగు. ఆరు వారాలు వెనకబడి ఉన్నాం. ఉబ్బెత్తు గుంత తవ్వే పనిముట్టు మీద పట్టు రావడానికే కుర్రాళ్లకు పది రోజులు పట్టింది.

మార్చి చివర్లో ప్యానెళ్లు దిగాయి, 540 వాట్లవి, కంటైనరుకి 620. ఒక కంటైనరు డ్రైవరు కొత్త, ఎడ్లబండి బాటలోకి తిప్పి ఇరుక్కున్నాడు. తీయడానికి నాలుగు గంటలు పట్టింది, తీసింది తాతవాళ్ల ట్రాక్టరు. నలభై ఒక్క ప్యానెళ్లు పగిలాయి, ఇన్సూరెన్సు ఫారాలకు రెండు రోజులు.

మే 16

ఎండ 43. పని ఉదయం ఐదున్నరకు మొదలుపెట్టి పదకొండుకు ఆపేస్తున్నాం, మళ్లీ నాలుగుకు. కానీ ఒక పని మధ్యాహ్నమే చేయాలి, స్ట్రింగ్ వోల్టేజి చూడటం.

ఒక ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, అంటే దేనికీ కలపనప్పుడు చూపే వోల్టేజి, 49.5. ఇరవై ఎనిమిది వరసగా కలిపితే 1,386. ముప్పై ఎందుకు పెట్టకూడదని కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, మంచి ప్రశ్న. ముప్పై అయితే 1,485. సిస్టమ్ హద్దు 1,500 కాబట్టి చాలుతుందనిపిస్తుంది. కానీ చలికి వోల్టేజి పెరుగుతుంది, డిగ్రీకి 0.27 శాతం. డిసెంబరు తెల్లవారి పది డిగ్రీలుంటే అది 1,545 అవుతుంది. ఇన్వర్టరు ఆ సంవత్సరం సంక్రాంతి చూడదు.

మే మధ్యాహ్నం సెల్ 60 డిగ్రీలు కాబట్టి మా లెక్కకు స్ట్రింగ్ 1,255 దగ్గర చూపించాలి. 1,252, 1,257, 1,254 వస్తూ ఉన్నాయి. 61వ వరుసలో ఒకటి 1,210. వైరు వదులా, మీటరు తప్పా అని అరగంట కొట్టుకున్నాం. అప్పుడా అమ్మాయే 1,255ని 28తో భాగించింది. 44.8. తక్కువ వచ్చిందీ దాదాపు అంతే. అంటే ఒక ప్యానెల్ లెక్కలో లేదు. టేబుల్ కింద వెల్లకిలా పడుకుని పాకుతూ వెతికితే పంతొమ్మిదో ప్యానెల్ వైర్లు రెండూ కట్టుకట్టి, మెలిపెట్టి, చక్కగా టై వేసి ఉన్నాయి. దాన్ని వదిలేసి పక్కదానికి దూకారు. తలకాయ మీద ఇనుము కాలిపోతోంది, అయినా ఇద్దరం అక్కడే పడుకుని నవ్వాం.

ఇంకో రెండు స్ట్రింగులు మైనస్‌లో చూపించాయి. అవి నవ్వే సంగతి కాదు. ప్లస్, మైనస్ తారుమారైన స్ట్రింగుని మిగతావాటితో కలిపితే నిప్పే. అందుకే ఒక్కటి కూడా వదలకుండా 1,759 చూస్తున్నాం.

జూన్ 13

మొదటి పెద్ద వాన. రాత్రంతా కురిసింది. పొద్దున కుంట నిండింది! ఎన్నేళ్ల తర్వాతో ఏమో, మధ్యాహ్నానికే కొంగలు దిగాయి. 93 టేబుళ్లు ఉండాల్సిన చోట కొంగలు.

జూలై 4

గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ గేట్లు ఎప్పట్లాగే 1వ తేదీన ఎత్తారు. సుప్రీంకోర్టు 2013లో చెప్పినట్టు అక్టోబరు 28 దాకా అవి ఎత్తే ఉంటాయి. గోదావరి బాసర వైపు ఎర్రగా పోతోంది.

మార్చిలో ప్రతి పదో స్తంభం మీద ఎర్ర రంగు గీత పెట్టించి మట్టాలు రాసుకున్నాను. ఇవాళ లెవెల్ పెట్టి మళ్లీ చూశాం. మొరం నేలలో కదలిక లేదు. ఉబ్బెత్తు స్తంభాల 22 ఎకరాల్లో అత్యధికం 4 మిల్లీమీటర్లు. చుట్టూ మట్టి మాత్రం రెండు వేళ్ల ఎత్తు లేచింది, పాలిథిన్ అంచు బయటికి కనిపిస్తోంది.

కానీ హద్దు అవతలి వరుస, 88వది, పాత మీటరున్నర స్తంభాలది, ఒక చోట 17 మిల్లీమీటర్లు లేచింది. రేగడి హద్దు గీసింది నేనే, రెండు బోర్ల మధ్య స్కేలు పెట్టి. మట్టి స్కేలు ప్రకారం ఆగదు కదా. పదకొండు స్తంభాలు మళ్లీ చేయాలి. ఈసారి కాంట్రాక్టరు మాట్లాడకుండా వినడం నాకు ఇంకా సిగ్గనిపించింది.

జూలై 19

విద్యుత్ నిరీక్షకుడి అనుమతి వచ్చింది. ముందు గ్రిడ్ వైపు నుంచి 33 కేవీ మన ట్రాన్స్‌ఫార్మర్లలోకి తీసుకున్నాం. నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి గుమ్మని మొదలయ్యాయి. ప్లాంటు కరెంటు ఇచ్చే ముందు కరెంటు తీసుకోవాలన్నది బయటివాళ్లకు వింతగా ఉంటుంది.

రాష్ట్ర గ్రిడ్‌ని నడిపే, ముంబై పక్కన ఉండే లోడ్ డిస్పాచ్ సెంటరుకి ఫోను, కోడ్ నంబరు, తర్వాత ఇన్వర్టర్లు. అవి వాటంతట అవే లేస్తాయి. లేచే ముందు వైర్లకూ భూమికీ మధ్య ఇన్సులేషన్ చూసుకుంటాయి. అరవై నాలుగు లేచాయి, మూడు మొరాయించాయి. రాత్రి వానకు కనెక్టర్లు నీళ్లలో పడి ఉన్నాయి. ఎత్తి కట్టి, తుడిచి, ఎండాక అవీ లేచాయి. మబ్బు పట్టి ఉంది కాబట్టి రోజంతా 6, 9, 4, 11 మెగావాట్లు, అంకె ఒక్క చోట నిలవలేదు. మీటరు మాత్రం వెనక్కి తిరగలేదు, అది చాలు.

జూలై 27

తాత వచ్చాడు. కంట్రోల్ రూములో కుర్చీ వేస్తే కూర్చోకుండా స్క్రీను ముందు నిలబడ్డాడు. అప్పుడు 13.2 చూపిస్తోంది.

"ఈ కరెంటు మా మోటార్లకే వస్తదా?"

అబద్ధం చెప్పలేదు. మన కరెంటు పోయేది 132 కేవీ సబ్‌స్టేషన్‌లోని 33 కేవీ బస్‌బారుకి, అంటే లైన్లన్నీ కలిసే కడ్డీకి. ఊరి ఫీడరుకీ దారి అక్కడి నుంచే కాబట్టి పగలు మోటారు ఆడితే చాలావరకు ఇదే కరెంటు. కానీ ఎప్పుడు ఇవ్వాలన్నది మన చేతిలో లేదు, అది పంపిణీ వాళ్ల టైంటేబుల్. పగటి పూటే రైతులకు కరెంటు ఇవ్వడానికి వ్యవసాయ ఫీడర్లకు విడిగా సోలార్ పెట్టే ముఖ్యమంత్రి సౌర్ కృషి వాహిని యోజన 2017 నుంచి ఉంది, 2023లో రెండో విడత తెచ్చారు. మా ప్లాంటు ఆ లెక్కలోది కాదు. ఇవన్నీ చెప్పాను. ఆయన విన్నాడు.

"మొన్న స్టార్టరు డబ్బాల పాము పండుకుంది. టార్చి ఉండె గాబట్టి బతికిన."

88వ వరుస పని ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడు. ఏడు స్తంభాలు అయ్యాయి, నాలుగున్నాయి అన్నాను. వాన తగ్గాక చెయ్యండి, ఇప్పుడు గుంత అంచులు కూలుతయి అన్నాడు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

గేటు దాకా వెంట వెళ్లాను. ఈ వారం కరెంటు ఎప్పుడు తాతా అంటే, చెప్పులు వేసుకుంటూ, "రాత్రి పాళీనే" అన్నాడు.